థాంక్స్ చెప్పాక

పదిహేడో టేపులో మనిషి గొంతు ఎంత మర్యాదగా ఉందంటే, మొదటి పది నిమిషాలూ ఆమెకు ఎప్పుడో లెక్కలు చెప్పిన మాస్టారు గుర్తొచ్చాడు. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. పాపం ఆ మాస్టారేం చేశాడని! పెడల్ మీంచి కాలు తీసి, హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి, చెవులు రెండూ అరచేతులతో రుద్దుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

టేపులనడం అలవాటు కొద్దీ అనడమే. ఉన్నవన్నీ కంప్యూటర్లో ఫైళ్ళు. ఇంటర్నెట్లో పిల్లలకు వల వేసి, పట్టుబడి, శిక్షపడ్డ ముప్ఫై ఒక్కమంది మగవాళ్ళు. ముగ్గురు అసిస్టెంట్లు జైళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరితో రెండేసి గంటలు మాట్లాడి రికార్డు చేసుకొచ్చారు. ఎందుకు చేశారు, ఎలా మొదలైంది, ఎక్కడైనా ఆగి ఉండేవారా. పెద్ద మేడమ్ పరిశోధనంతా ఆ ప్రశ్నల మీదే. వాళ్ళ జవాబుల్ని పొల్లుపోకుండా కాగితం మీదికి దించడం ఆమె పని. పెడల్ నొక్కితే మనిషి మాట్లాడతాడు, మడమతో తొక్కితే నాలుగు సెకన్లు వెనక్కి పోయి అన్నమాటే మళ్ళీ అంటాడు, కాలు తీస్తే నోరు మూసుకుంటాడు. ఇంట్లో మగవాళ్ళకు కూడా ఇలాంటిదొకటి ఉంటే బాగుండునని మొదటి వారంలో జోకు వేసింది. పదో టేపు తర్వాత ఆ జోకు మళ్ళీ వేయలేదు. ఆఫీసులో అందరూ ఆమెను చెవులమ్మ అంటారు. మిగతావాళ్ళకు వినపడని మాట ఆమెకు వినపడుతుందని.

పదిహేడో మనిషి చెప్పేదీ కొత్తేం కాదు.

"ఇంట్లో నా మాట వినేవాళ్ళు ఒక్కరు లేరండీ. అక్కడ ఒక పిల్ల వింటోంది. నేనూ ఒక మనిషినే అనిపించేది."

"ఆ పిల్లకి ఏమనిపించేదో ఆలోచించారా?" అన్నాడు అసిస్టెంటు.

మౌనం, తొమ్మిది సెకన్లు అని కొట్టింది చెవులమ్మ. ఒంటరితనం, తోచకపోవడం, ఎవరో ఒకరి మీద పెత్తనం చెయ్యాలన్న యావ, ఇవన్నీ పెద్ద మేడమ్ గదిలో గోడ మీది చార్టులో రంగురంగుల గళ్ళు. ఈ కాగితాలు వెళ్ళగానే వాటిలో ఏదో ఒకటి ఇంకాస్త నిండుతుంది.

గంటా యాభై నిమిషాల దగ్గర, "మీ టైమిచ్చినందుకు థాంక్స్," అన్నాడు అసిస్టెంటు. ఆమె పని అక్కడితో సరి. థాంక్స్ తర్వాత ఉండేవి కుర్చీలు జరిపే చప్పుళ్ళు, మంచినీళ్ళు, పోచికోలు కబుర్లు. వాటిని టైపు చెయ్యొద్దని పెద్ద మేడమ్ మొదటిరోజే చెప్పింది. కాని రికార్డింగు ఎప్పుడు ఆగిందో రిజిస్టర్లో రాయాలి. చివరికి దూకి చూసుకుని రాసుకోవచ్చు. ఆమె దూకదు. మాట్లాడే మనిషిని మధ్యలో వదిలేసి లేచిపోవడం ఆమెకు చేతకాదు, ఆ మనిషి ఎలాంటివాడైనా సరే.

కాబట్టి వింది. థాంక్స్ అన్నాక వీళ్ళ గొంతులు మారతాయి. పరీక్ష రాసి హాల్లోంచి బయటపడ్డ వాళ్ళలా వదులవుతాయి. పదిహేడోవాడు నవ్వాడు కూడా.

"మీరొకటి అడగలేదండీ. పిల్లలు ఇంట్లో చెప్పేస్తారని భయం లేదా అని."

"ఊఁ," అన్నాడు అసిస్టెంటు. వైర్లు చుడుతున్న చప్పుడు.

"నేను భయపెట్టాల్సిన పనేముంది? వాళ్ళకి బళ్ళో, ఇంట్లో ముందే చెప్పి ఉంచుతారుగా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని. నేనూ అదే అన్నాను. నీ చేతులు కాలాయి, ఇక చెబితే తిట్లు తినేది నువ్వే అన్నాను. అంతే. ఇంకెక్కడ చెప్తుంది?"

"ఆఁ. ఆ వైరు కొంచెం ఇటివ్వండి."

టక్కుమని ఆగింది. చెవులమ్మ రిజిస్టర్లో గంటలు, నిమిషాలు, సెకన్లు రాసింది. ఈ మాట ఇంతకుముందు కూడా ఎక్కడో విన్నాననిపించింది. ఒకచోట కాదు. అయినా టైపు చెయ్యొద్దన్నదాన్ని గుర్తుపెట్టుకుని ఏం చేస్తుంది? కంప్యూటరు ఆపి బ్యాగు తీసుకుంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "ఏదీ ఫోను?" అంది.

పదమూడేళ్ళ కూతురు సోఫాలోంచి లేవకుండానే ఫోను చాచింది, బస్సులో చెకింగువాడికి టికెట్టు చూపించినట్టు. లాక్ తీసే ఉంది. ఈ రెండు నెలల్లో ఆ పిల్లకిది అలవాటైపోయింది. చెవులమ్మ నిలబడే మెసేజీలన్నీ వేలితో జరిపి చూసింది. హోంవర్కులు, ఏడుపు మొహాలు, నవ్వు మొహాలు.

"ఇదెవరు? ఫొటోలో మొహం లేదేం?"

"ఉందిగా. పిల్లి మొహం. మా క్లాసమ్మాయి వాళ్ళ పిల్లిని పెట్టుకుంది."

"పెట్టుకుంటే పెట్టుకుంది. తెలియనివాళ్ళెవరైనా మెసేజీ పెడితే..."

"తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. రోజూ చెప్తావుగా," అంది కూతురు, ఎక్కం అప్పజెప్పినట్టు. ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

చెవులమ్మ చెప్పు ఒకటి విప్పి, ఒకటి విప్పకుండా అక్కడే నిలబడింది. గంటన్నర కిందట విన్న మాట. అదే మాట. కూతురి నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో ఒకర్ని అడగక్కర్లేదు.

కిటికీ దగ్గర కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తి ఆపింది. "పొద్దున వెళ్ళేటప్పుడు మా కోడలివి. వచ్చేటప్పుడు పోలీసువి. మధ్యలో ఎక్కడ మారుతున్నావే నువ్వు?"

"బయట ఎలా ఉందో మీకు తెలీదత్తయ్యా."

"నాకు తెలీదు, సరే. ఇంట్లో ఎలా ఉందో నీకు తెలుసా? ఇదివరకు బడినుంచి వస్తే బ్యాగు దించకుండానే వసపిట్టలా వాగేది. ఇప్పుడు పిలిస్తే గాని పలకదు. దాని నోటికి నువ్వే తాళం వేస్తున్నావేమో చూసుకో."

చెవులమ్మకు చురుక్కుమంది. రెండో చెప్పు విప్పి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పిల్ల మనసులో ఏముందో తనకు తెలియకుండా పోతోందన్న భయం ఆమెకు కొత్తది కాదు. ఆ భయంతోనే ఫోను చూస్తోంది. ఫోను చూసేకొద్దీ ఇంకా తెలియకుండా పోతోంది. ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

మర్నాడు పొద్దున్నే కింది అంతస్తునుంచి ప్రూఫు మాస్టారు కబురు పెట్టాడు. కింద ప్రచురణల విభాగం. బడిపిల్లలకు పంచే పుస్తకాలు అక్కడ తయారవుతాయి. ఆయనకు డెబ్భై దగ్గర పడుతున్నా వదిలిపెట్టడం లేదు, ఆయన పోతే సున్నాకూ అరసున్నాకూ తేడా తెలిసినవాడు బిల్డింగులో ఉండడని మేనేజరుకు భయం. ఆయనకు మూలప్రతి చదివి వినిపించే మనిషి జ్వరంతో సెలవు పెట్టాడు.

"ఒక్క గంట చదివి పెట్టు తల్లీ. నీలాగా నిదానంగా చదివేవాళ్ళు లేరు. కామా, ఫుల్‌స్టాపు అన్నీ చదవాలి సుమా. సాయంత్రం లోపల నేను సంతకం పెడితే రేపు ప్రెస్సుకి, సోమవారం బళ్ళకి."

పదహారు పేజీల రంగుల పుస్తకం. ఇంటర్నెట్లో జాగ్రత్తలు. ఏటేటా అచ్చేసేదే, ఈసారి బొమ్మలు మార్చారు. ఆమె మూలప్రతి ఎత్తి పట్టుకుని చదువుతుంటే, ఆయన ప్రూఫు మీద పెన్సిలు మొన ఆనించి ఒక్కో మాటే దాటుకుంటూ వస్తున్నాడు. ఐదో పేజీ అయింది. తెలియనివాళ్ళకు ఫొటోలు పంపొద్దు, అడ్రసు చెప్పొద్దు, అంతా సవ్యంగానే ఉంది. ఆరో పేజీ తిప్పింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు ఫుల్‌స్టాపు. ఒక్కసారి పంపిన ఫొటో మళ్ళీ నీ చేతికి రాదు ఫుల్‌స్టాపు. తల్లిదండ్రుల పరువు నీ చేతుల్లోనే ఉంది ఫుల్‌స్టాపు. నీ చేతులు కాలాయి కామా ఇక చెబితే తిట్లు తినేది నువ్వే ఫుల్‌స్టాపు."

"ఆగాగు," అన్నాడు మాస్టారు. పెన్సిలు వెనక్కి నడిపాడు, ముందుకు నడిపాడు. "ఆ చివరి వాక్యం ఎక్కడుందమ్మా? నా దగ్గర దాని కామా కూడా లేదు."

ఆమె కాగితం చూసుకుంది. నిజమే, లేదు. పరువు దగ్గర పేజీ అయిపోయింది. కింద గొడుగు పట్టుకున్న పాప బొమ్మ ఉందంతే. పైన విన్నది కింద అనకూడదని సంతకం పెట్టిన మనిషి, పైన విన్నదాన్ని కామాతో సహా చదివేసింది.

"అది... ఇందులోది కాదు మాస్టారూ."

"ఇందులోది కాదని తెలుస్తూనే ఉంది. పైదా?"

ఆమె మూలప్రతి మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"పై సంగతులు నువ్వు చెప్పకూడదు, నేను అడగకూడదు. అడగను. కాని ఒకటి చెప్తాను విను. నలభై ఏళ్ళనుంచి ఈ పని చేస్తున్నాను. చదివేవాళ్ళు మాటలు మింగుతారు, వరసలు దాటేస్తారు. లేని వాక్యం కలిపినవాళ్ళని నేను చూడలేదు. అందులోనూ నువ్వు. ఆ వాక్యం దీని పక్కనే ఎక్కడో ఉందన్నమాట. ఒక్కసారి కాదు, చాలాసార్లు విని ఉంటావు, లేకపోతే నోటికి రాదు."

చాలాసార్లు. ఆ మాటతో నిన్న రిజిస్టరు రాస్తూ వచ్చిన అనుమానం ఆమెకు మళ్ళీ గుర్తొచ్చింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తువ్వాలుతో నెమ్మదిగా తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"ఏమిటో పొద్దుట్నుంచి నా కళ్ళు మసకలు. ఈ సాయంత్రానికి సంతకం పెట్టలేనేమో. రేపు పదింటికి గాని సర్దుకునేట్టు లేవు. మేనేజరు అరిస్తే అరవనీ, పాపం ఆయనకి అదొక్కటేగా వచ్చింది."

పైకొచ్చి కుర్చీలో కూర్చుంది. పద్దెనిమిదో టేపు మొదలుపెట్టాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకుంది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, ఈ నెలాఖరుతో సరి. పర్మనెంటు చెయ్యమని రాసిన ఫైలు పెద్ద మేడమ్ టేబుల్ మీద ఎడంవైపు దొంతరలో ఉంది, కాగితాలివ్వడానికి వెళ్ళినప్పుడల్లా దాని నీలం అట్ట కనపడుతూనే ఉంటుంది. ఇప్పుడెళ్ళి, మేడమ్, కింద మాస్టారి ముందు ఒక టేపు చదివేశాను అంటే ఆ నీలం అట్ట చెత్తబుట్టలోకి పోతుంది. అనకపోతే సోమవారం ఆ పుస్తకం బళ్ళకు పోతుంది. కూతురి బడికి కూడా.

పద్దెనిమిదో టేపు తెరవలేదు. టైపు చేసిన కాగితాలు తీసి, పదిహేడింటిలోనూ థాంక్స్ ఎక్కడ అన్నారో చూసుకుని, అక్కడినుంచి చివరిదాకా మళ్ళీ వినడం మొదలుపెట్టింది. ఒక్కో తోకా నాలుగైదు నిమిషాలు. రెండోవాడు సామెత అనలేదు, "నువ్వే పంపావుగా, ఇప్పుడు ఎవరితో చెప్పుకుంటావ్" అన్నానన్నాడు. ఐదోవాడు సామెతే అన్నాడు. ఆరోవాడు మీ నాన్న పరువు అన్నాడు. ముగ్గురు అసిస్టెంట్లలో ఎవరికి వాళ్ళు కొన్ని విన్నారు, వింటూ వైర్లు చుట్టుకున్నారు. అన్నీ విన్నది ఈ భూప్రపంచంలో తనొక్కతే. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. టైపు చెయ్యని పద్నాలుగు టేపుల తోకలు కూడా విని, సాయంత్రం నాలుగింటికి చిన్న కాగితం మీద ఒక అంకె రాసుకుంది. అలా చెప్పి పిల్లల నోరు నొక్కామన్నవాళ్ళు పంతొమ్మిది మంది.

పెద్ద మేడమ్ తలెత్తకుండానే, "పద్దెనిమిది అయిందా?" అంది.

"లేదు మేడమ్." కాగితం టేబుల్ మీద పెట్టింది. మొదలుపెట్టాక వరసగా చెప్పేసింది, ప్రూఫుతో సహా, కామాతో సహా.

మేడమ్ పెన్ను మూత పెట్టింది. "ఎవరి ముందు చదివావు?"

"మాస్టారి ముందు. పేరూ ఊరూ ఏమీ అనలేదు. ఒక్క వాక్యం."

"ఒక్క వాక్యమైనా రూలు తప్పినట్టే."

"తప్పాను."

"థాంక్స్ తర్వాత వినొద్దని కూడా చెప్పాను."

"టైపు చెయ్యొద్దన్నారు మేడమ్. వినొద్దనలేదు."

మేడమ్ ఆమెవైపు తేరిపార చూసింది. "టైపయినవన్నీ రెండేసిసార్లు చదివాను. మిగతావాటికి అసిస్టెంట్ల నోట్సు చదివాను. నువ్వనేది ఎక్కడా లేదు."

"చదివారు మేడమ్. వినలేదు."

అన్నాక నాలుక కరుచుకుంది. అయిపోయింది, నీలం అట్టకు నీళ్ళొదులుకోవడమే అనుకుంది. మేడమ్ కుర్చీ వెనక్కి జరిపింది. "పద," అంది.

చెవులమ్మ బల్ల దగ్గర ఒక్కటే కుర్చీ. మేడమ్ అందులో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పెడల్ తొక్కబోతే ముందుకు పోవలసింది వెనక్కి పోయింది, మళ్ళీ తొక్కితే అసలే ఆగిపోయింది. "దీన్ని ఎలా తొక్కుతావు రోజంతా?" అని విసుక్కుంది. చెవులమ్మ పక్కన స్టూలు వేసుకుని, బల్ల కిందికి కాలు చాచి తనే తొక్కింది. ఒకరు వింటున్నారు, ఇంకొకరు నడిపిస్తున్నారు. గది నిశ్శబ్దంగా ఉంది. స్క్రీను మీద సెకన్లు చూస్తుంటే మేడమ్ చెవిలో ఇప్పుడు ఏ మాట పడుతోందో చెవులమ్మకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు నవ్వుతాడు. ఇప్పుడు మీరొకటి అడగలేదండీ అంటాడు. ఇప్పుడు ఆ మాట. మేడమ్ మొహంలో ఏమీ కదలలేదు. కుడిచేతి బొటనవేలు మాత్రం మిగతా వేళ్ళ కింద దూరింది.

"ఇంకోటి."

రెండోవాడు. ఐదోవాడు. ఆరోవాడు. పదకొండో తోక దగ్గర మేడమ్ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ ఆరో పేజీ రాసింది నేనే," అంది. "ఎనిమిదేళ్ళ కిందట. అందరూ పేరాలు పేరాలు రాస్తుంటే, సామెత పెట్టండి, పిల్లలకి గుర్తుంటుంది అని నేనే పట్టుబట్టాను. గుర్తుంది చూడు. పిల్లలకీ గుర్తుంది, వీళ్ళకీ గుర్తుంది."

రూళ్ళు చెప్పే మనిషి ఇలా ఒళ్ళో వైర్లు పెట్టుకుని కూర్చుంటే చెవులమ్మ చూడలేకపోయింది.

"నేనూ మా అమ్మాయికి రోజూ అదే చెప్తున్నాను మేడమ్. నిన్న అది నాకే అప్పజెప్పింది."

మేడమ్ ఆమెవైపు చూసి, బాధగానే నవ్వింది. "ఇంత చదువుకుని, నేనూ నువ్వూ ఒకటే అయ్యాం అయితే." లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "రికార్డరు ఆపేదాకా అన్నదంతా వాడుకోవచ్చని వాళ్ళ సంతకాలు తీసుకున్నాం. ఆ షరతు రాయించిందీ నేనే. రాయించి, ఆ తోకలు చూడకుండా వదిలేసిందీ నేనే. రేపు తొమ్మిదిన్నరకి కిందికి వెళ్దాం. నువ్వూ రా."

"నేనెందుకు మేడమ్?"

"విన్నది నువ్వు కాబట్టి."

ప్రచురణల మేనేజరు గంట పది కొట్టకముందే తల పట్టుకున్నాడు. ప్రెస్సువాళ్ళు మిషను ఖాళీ పెట్టుకుని కూర్చున్నారు, మాస్టారికి కళ్ళు కనపడటం లేదు, ఇప్పుడు పెద్ద మేడమ్ వచ్చి ఎనిమిదేళ్ళ పేజీ తీసెయ్యమంటోంది.

"సామెత పిల్లలకి బాగా ఎక్కుతుందండీ. మీరే అన్నారుగా అప్పట్లో."

"ఎక్కింది. గొడవంతా అదే," అంది మేడమ్. కొత్త పేజీ కాగితం ముందుకు తోసింది. రాత్రి ఇంట్లో కూర్చుని నాలుగుసార్లు కొట్టేసి రాసినట్టుంది, ఒకే ఒక్క ముక్క మిగిలింది. చెయ్యి కాలిందా? దాచుకోకు. చూపించు. కింద, తప్పు నీది కాదు, ఎప్పుడు చెప్పినా ఆలస్యం కాదు అని ఉంది.

మేనేజరు రెండుసార్లు చదివాడు. ఆయన చెడ్డవాడేం కాదు. "బాగానే ఉంది. కాని మేడమ్, ఇలా రాస్తే పంపినా ఫరవాలేదని పిల్లలు అనుకోరూ? తల్లిదండ్రులు నా మీద పడతారు."

మేడమ్ కాగితాన్ని మళ్ళీ తనవైపు తిప్పుకుని చదివింది. ఆ అనుమానం రాత్రి ఆమెకూ వచ్చినట్టే ఉంది. గోడ పక్కన నిలబడ్డ చెవులమ్మ, పిలవని పేరంటమని తెలిసీ నోరు విప్పింది.

"పంపొద్దని ఐదో పేజీలో ఉంది కదా సార్. అది పంపనివాళ్ళకి. ఆరో పేజీ పంపేసిన పిల్లది. ఆ పిల్లకి మన పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేకపోతే వాడి మాటే వింటుంది."

మేనేజరు ముక్కు గోక్కున్నాడు. ఫోను తీసి ప్రెస్సుకు చేసి, "ఆరో పేజీ ఒక్కటి ఆపండి. ఆఁ, ఆరోదే. అరగంటలో పంపుతాం," అన్నాడు. అప్పుడు ప్రూఫు మాస్టారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"చూపు వచ్చిందే!" అన్నాడు. "చదువు తల్లీ, ఆరో పేజీ. ఉన్నది మాత్రమే చదువు."

మెట్లెక్కుతుంటే చెవులమ్మకు కాళ్ళు తేలికయ్యాయి. హమ్మయ్య అని పైకే అంది. పై మెట్టు మీద మేడమ్ ఆగింది.

"ఇకనుంచి రికార్డరు ఆగేదాకా టైపు చెయ్యాలి. అయిపోయినవాటికి కూడా తోకలు కొట్టాలి. ముప్ఫై ఒకటీ."

"అమ్మో! నెలాఖరులోపా మేడమ్?"

"నెలాఖరు ఏముంది? నీ పర్మనెంటు ఫైలు మీద సంతకం పెట్టి నిన్న సాయంత్రమే పంపించాను. నీ బల్ల దగ్గర్నుంచి నా గదికి వెళ్ళిన ఐదు నిమిషాలకి." తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి చెవులమ్మ ఇంట్లో ఫోను అడగడం మానేసింది. మానడం తేలికేం కాదు. మొదటిరోజు కూతురు అలవాటుగా ఫోను చాస్తే, "వద్దులే, నీ దగ్గరే ఉంచుకో," అంది, వేళ్ళు మాత్రం దురద పెట్టాయి. కూతురు అనుమానంగా చూసింది. "ఏమైంది నీకు?" "ఏం కాలేదు. ఆఫీసులో ఒక సంగతి తెలిసింది. నేను రోజూ ఒక మాట అంటున్నానే, అది తప్పు మాట. ఇంకెప్పుడూ అనను." భోజనం చేస్తున్నంతసేపూ పిల్ల తల్లి మొహంవైపు దొంగచూపులు చూసింది. శుక్రవారం కూడా అంతే. అత్తగారు మాత్రం, "పోలీసు ఉద్యోగం పోయిందా?" అని అడిగి కిలకిలా నవ్వింది.

శనివారం మధ్యాహ్నం రెండయింది. అత్తగారు కునుకు తీస్తోంది. చెవులమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టింది. విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"అమ్మా. ఒకటి చెప్తాను. అరవకూడదు."

"అరవను," అంది. చేతిలో చొక్కా మడతపెడుతూనే ఉంది.

"లెక్కల్లో ముప్ఫై రెండొచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు మీద నీ సంతకం నేనే పెట్టేశాను."

లోపలినుంచి పొంగుకొస్తున్నది కోపమో నవ్వో ఆమెకే తెలియలేదు. ముప్ఫై రెండు! దొంగ సంతకం! నాలుగు రోజుల కిందటైతే ఇల్లెగిరిపోయేది. చొక్కా మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది.

"ఏదీ, ఎలా పెట్టావో చూపించు."

పిల్ల కార్డు తెచ్చి బిక్కుబిక్కుమంటూ ఇచ్చింది. చెవులమ్మ దాన్ని వెలుగుకు పెట్టి చూసింది. "నాకంటే నువ్వే బాగా పెట్టావే! సోమవారం మీ టీచరు దగ్గరికి ఇద్దరం వెళ్ళి చెబుదాం. లెక్కలు రోజూ అరగంట నా దగ్గర కూర్చుని చెయ్యి. సరేనా?"

"అంతేనా? తిట్టవా?"

"తిట్టను."

కూతురు ఊపిరి పీల్చుకుంది. లేస్తుందనుకుంటే లేవలేదు. గోడవైపు చూస్తూ, గొంతు బాగా తగ్గించి అంది.

"అయితే ఇంకోటి ఉంది. అది నాది కాదు. మా క్లాసమ్మాయిది. ఎవడో పదో క్లాసని చెప్పి మాట్లాడాడట. ఇది ఫొటో పంపింది. ఇప్పుడు ఇంకా పంపమంటున్నాడు, లేకపోతే వాళ్ళమ్మకి పంపిస్తాడట. పన్నెండు రోజులైంది. అన్నం తినట్లేదు, నాకొక్కదానికే చెప్పింది. నీకు చెబుదామంటే భయమని ఏడ్చింది. ముందు లెక్కల సంగతి చెప్పి చూస్తాను, మా అమ్మ అరవకపోతే నిన్ను పిలుస్తానన్నాను."

చెవులమ్మ ఒళ్ళోని బట్టలు పక్కకు నెట్టి లేచింది. "ఆ పిల్ల ఎక్కడుంది ఇప్పుడు?"

"కింద. మెట్ల దగ్గర."

చెప్పులు వేసుకోలేదు. కూతురి చెయ్యి పట్టుకుని రెండంతస్తులూ దిగింది. పన్నెండు రోజులు. టేపుల్లో పిల్లలు ఏళ్ళకేళ్ళు ఎవరికీ చెప్పలేదు. పోలీసులు వాళ్ళంతట వాళ్ళు వచ్చి తలుపు తట్టేదాకా చెప్పలేదు. ఈ పిల్లకు పన్నెండు రోజులే. దేవుడా, పన్నెండు రోజులే అనుకుంటూ దిగింది.

చివరి మెట్టు మీద బడి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి కూర్చుంది ఆ అమ్మాయి. అడుగుల చప్పుడుకు లేచి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమీ అడక్కముందే, ఎన్నిసార్లో లోపల అనుకున్నట్టుగా, "తప్పు నాదే ఆంటీ," అంది.

"కాదమ్మా," అంది చెవులమ్మ.

ఆ అమ్మాయి నమ్మలేదు. కూతురివైపు చూసింది. కూతురు తల ఊపింది. అప్పుడు ఆ పిల్ల బ్యాగు కింద పడేసి, వెక్కి వెక్కి, ఆ మెట్లన్నీ మార్మోగేట్టు ఏడ్చింది. చెవులమ్మ ఆమెను దగ్గరికి తీసుకుని అలాగే నిలబడింది. ఊరుకో అనలేదు. ఏడుపు కాస్త నెమ్మదించాక, "మీ అమ్మకి నేను చెప్తాను. నువ్వు నా పక్కనే కూర్చుందువుగాని. వాడి సంగతి చూసేవాళ్ళు నాకు తెలుసు, ఆ ఫోను చెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టదు," అంది.

"మా అమ్మ తిడుతుంది ఆంటీ."

"తిడితే నన్ను తిట్టమంటాను. పైకి రా. ముందు ఏమైనా తిందువుగాని."

కూతురు కింద పడ్డ బ్యాగు తీసి భుజాన వేసుకుంది. "మా నానమ్మ లేస్తే సవాలక్ష అడుగుతుంది, పట్టించుకోకు," అంటూ ముందు నడిచింది. సగం మెట్లెక్కేసరికి తన ముప్ఫై రెండు మార్కుల కథ మొదలుపెట్టింది, దొంగ సంతకంతో సహా. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ, "ముప్ఫై రెండా? నాకు ఇరవై తొమ్మిదే," అంది.